తీరప్రాంత పేదలకు సాయం: తుఫాను రాకముందు ఏం చేయగలం?

ఉప్పుగాలి

అందరికీ నమస్కారం. తుఫాను వచ్చిన ప్రతిసారీ మా మిత్రులం చందాలు వేసుకుని దుప్పట్లు, టార్పాలిన్లు, మందులు పంపుతుంటాం. ఆ పూటకు అవి అవసరమే, సందేహం లేదు. కానీ మళ్లీ అదే తీరం మునుగుతోంది, మళ్లీ అవే కుటుంబాలు మొదటికొస్తున్నాయి. అందుకని ఈసారి గాలివాన వచ్చేదాకా ఆగకుండా, సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే ఆ సొమ్ము ఖర్చుపెట్టాలని అనుకున్నాం.

ఏడాదికి ఇంత అని కొన్నేళ్లపాటు ఇవ్వగలం. పెద్ద మొత్తమేమీ కాదు. దేనికిస్తే ఒక పేద మత్స్యకార కుటుంబం వచ్చే తుఫానుకి ఈసారికంటే కాస్త నిలదొక్కుకోగలుగుతుంది? మొక్కలు నాటడమా, షెల్టర్లా, పడవలా, బీమానా? తీరంలో పుట్టి పెరిగినవాళ్లు, ఈ పనుల్లో ఉన్నవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. మొహమాటపడకుండా చెప్పండి.

లెక్కలబడి

ముందు ఒక మంచి మాట చెబుతాను. ఈ విషయం మాట్లాడుకునేటప్పుడు అందరం నిరాశలోనే మొదలుపెడతాం. ప్రాణాలు కాపాడటం మాత్రం మనుషులు బాగానే నేర్చుకున్నారు. అదీ డబ్బున్న దేశాలు కాదు, పేద దేశాలు నేర్చుకున్నాయి.

1970 నవంబరులో భోలా తుఫాను నేటి బంగ్లాదేశ్‌ను ముంచినప్పుడు చనిపోయినవాళ్ల సంఖ్య 3 లక్షల నుంచి 5 లక్షల మధ్య ఉంటుందని అంచనా. 1991 ఏప్రిల్‌లో వచ్చిన తుఫానుకి దాదాపు 1,38,000 మంది పోయారు. 2007లో సిదర్ వచ్చింది, అదీ భయంకరమైన తుఫానే. ఆ దేశంలో మృతులు సుమారు 3,400. 2020లో అంఫన్ వచ్చేనాటికి, కోవిడ్ రోజుల్లో కూడా, 20 లక్షలకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించగలిగారు. తుఫానులన్నీ ఒకే బలంతో ఒకే చోట తాకవు కాబట్టి ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి నేరుగా పోల్చకూడదు. అయినా జరిగిన మార్పు చిన్నది కాదు.

దానికి పెద్ద యంత్రాలేమీ కారణం కాదు. 1970 విషాదం తర్వాత ప్రభుత్వమూ రెడ్ క్రెసెంట్ సంస్థా కలిసి తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టాయి. ఇప్పుడందులో దాదాపు 76,000 మంది వాలంటీర్లు, వాళ్లలో సగం మంది స్త్రీలు. జెండాలు ఎగరేస్తారు, మైకులో చాటింపు వేస్తారు, ఇంటింటికీ తిరుగుతారు. ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో, నిండు చూలాలు ఏ ఇంట్లో ఉందో వాళ్లకు ముందే తెలుసు, ఎందుకంటే వాళ్లూ ఆ ఊరివాళ్లే.

ఒడిశా కథా అలాంటిదే. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది చనిపోయారు. అదే ఏడాది విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టారు. 2013లో ఫైలిన్ వచ్చేముందు దాదాపు 10 లక్షల మందిని తరలించారు, మరణాలు వందలోపే ఆగాయి. 2020లో అక్కడి రెండు మత్స్యకార గ్రామాలు, వెంకటరాయపురం, నోలియాసాహి, సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్లుగా యునెస్కో గుర్తింపు కూడా పొందాయి.

అందుకే నా ఓటు ఊరి వాలంటీర్లకి: శిక్షణ, మెగాఫోన్లు, టార్చిలైట్లు, లైఫ్ జాకెట్లు, ఏటా ఒకసారి రిహార్సల్. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

పడవనీడ

లెక్కలబడి గారు చెప్పిందాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. మాది తరతరాలుగా వేట చేసే కుటుంబం. హెచ్చరిక అందడం గురించి మీరు చెప్పారు. అందాక కూడా మనిషి ఎందుకు కదలడో నేను చెబుతాను.

బయటివాళ్లు మొండితనం అనుకుంటారు. ఒడ్డున పడవ ఉంటుంది. దానికి ఇంజను ఉంటుంది. వలలుంటాయి. ఆ మూడూ అప్పుమీద కొన్నవే. అప్పిచ్చింది బ్యాంకు కాదు, చేపలు కొనే వ్యాపారి. అడ్వాన్సు తీసుకున్నాక పట్టిన చేపంతా ఆయనకే పోయాలి, ఆయన చెప్పిన ధరకే. అసలు తీరేదాకా ఇంకొకరికి అమ్మే వీలు లేదు. తుఫానులో వల పోతే అప్పు పోదు. కొత్త వల కోసం మళ్లీ ఆయన దగ్గరకే వెళ్లాలి. ఇప్పుడు చెప్పండి, అలాంటి మనిషి పడవని అలలకొదిలేసి షెల్టర్‌లో నిశ్చింతగా పడుకోగలడా? చివరి గంట దాకా ఒడ్డునే ఉండి తాళ్లు బిగిస్తాడు. పోయేది ఆ చివరి గంటలోనే.

అందుకని హెచ్చరికతో పాటు పడవని పైకి లాగే ఏర్పాటూ ఉండాలి. గట్టి నేల మీద మెరక స్థలం, లాగడానికి ఒక వించి, కట్టడానికి కాంక్రీటు దిమ్మలు. బయట బిగించే ఇంజను ఊడదీస్తే ఇద్దరు మోయగలరు. దాన్నీ వలల్నీ పెట్టుకోవడానికి షెల్టర్ పక్కనే తాళం వేసే గది కావాలి. ఆ గది ఉంటే మగవాళ్లు ఎంతో ముందుగా కదులుతారు. షెల్టర్ కట్టేవాళ్లకి మనుషులు కనిపిస్తారు, మనిషి బతుకుతెరువు కనిపించదు.

ఇంకో సంగతి. నష్టపరిహారం పడవ యజమాని పేరున వస్తుంది. ఆ పడవ మీద కూలికి వెళ్లే కళాసీకి ఏ జాబితాలోనూ చోటుండదు. బుట్టలో చేపలు పెట్టుకుని ఊరూరా అమ్మే ఆడవాళ్లకి అసలే ఉండదు. వేట ఆగితే వాళ్ల చేతిలో ఆడే నాలుగు డబ్బులు నాలుగు రోజుల్లో కరిగిపోతాయి. తిరిగి బుట్ట ఎత్తాలంటే మళ్లీ రోజువారీ వడ్డీయే.

కొత్తరెక్కలు

ఇది చదివాక మనసు కలుక్కుమంది. నేను కాలేజీలో చదువుతున్నాను. మా బృందం మడ మొక్కలు నాటే కార్యక్రమం పెట్టుకుందామని చూస్తోంది. ఒక్కరోజులో వేల మొక్కలు నాటొచ్చట. ఉప్పెనను ఆపేది మడ అడవులే కదా? ఉప్పుగాలి గారూ, మీరూ కలుస్తారా?

చిత్తడినేల

కొత్తరెక్కలూ, నీ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది. నేను చాలాకాలంగా ఈ అడవుల్లోనే పనిచేస్తున్నాను, వాటిమీద ప్రేమ తక్కువేమీ కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మడ అడవి చేసే మేలు నిజమైనదే. వంద మీటర్ల వెడల్పున్న అడవి దాటేసరికి మామూలు అలల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని పరిశోధకులు కొలిచారు. కానీ ఉప్పెన వేరు. అది అల కాదు, సముద్రమే లేచి వచ్చినట్టు గంటల తరబడి వచ్చే నీరు. ఒక కిలోమీటరు వెడల్పున్న అడవి ఉప్పెన నీటిమట్టాన్ని 5 నుంచి 50 సెంటీమీటర్లు తగ్గించగలదు. ఒడ్డున నాలుగు వరసలు నాటితే ఊరు మునగదని ఎవరైనా భరోసా ఇస్తే నమ్మొద్దు, ఊరివాళ్లని నమ్మించొద్దు. ఆ నమ్మకంతో వాళ్లు షెల్టర్‌కి వెళ్లడం మానేస్తే ఆ పాపం మనదే. సుందరవనాల లాంటి విశాలమైన అడవి ఉన్నచోట రక్షణ కూడా విశాలంగానే ఉంటుంది. 2008లో నర్గీస్ తుఫాను మయన్మార్‌లోని ఐరావతి డెల్టాను తుడిచిపెట్టినప్పుడు, అంతకుముందే అక్కడి మడలు చాలావరకు వరి పొలాలకీ రొయ్యల చెరువులకీ కొట్టేసి ఉన్నాయి.

ఇక నాటడం. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో వెయ్యి హెక్టార్లకు పైగా మడ మొక్కలు నాటారు. తర్వాత ఆ దేశ పరిశోధకులే వెళ్లి చూస్తే దాదాపు ఐదోవంతు మాత్రమే నిలిచింది. ఫిలిప్పీన్స్‌లోనూ ఇదే వ్యథ. ముఖ్య కారణం ఇది: ఖాళీగా కనిపించే బురద మేటల మీద, సముద్రపు గడ్డి మీద నాటేస్తారు. అక్కడ మడ పెరగదు, ఎప్పుడూ పెరగలేదు కూడా. పోటు నీరు ఎంతసేపు నిలుస్తుందన్నది మడ మొక్కకి ప్రాణం. మడ పెరగాల్సిన చోట ఇప్పుడు రొయ్యల చెరువో, కట్టో ఉంటుంది, ఆ నేల ఎవరిదోనన్న తగాదా ఉంటుంది. ఆ తగాదా జోలికి వెళ్లలేక ఎవరికీ చెందని బురదలో నాటి ఫొటో దిగుతారు.

చాలాచోట్ల అసలు నాటాల్సిన పనే లేదు. పాడుబడ్డ చెరువు గట్లు తెంచి, పూడిపోయిన కాలవలు తవ్వి, ఆటుపోటులకి దారి ఇస్తే విత్తనాలు నీటితో వాటంతటవే వస్తాయి. ఇండోనేషియాలో జావా దీవిలోని డెమాక్ తీరంలో కర్రలు, కంపతో నీరు జారే దడులు కట్టి ఒండ్రు నిలిచేలా చేశారు, మొక్కలు సొంతంగా మొలిచాయి. అంతా బాగుందనుకుంటుండగా అక్కడి నేలే కుంగిపోతోంది, చుట్టుపక్కల భూగర్భజలాల్ని విపరీతంగా తోడటం వల్ల. మొక్క ఎంత చక్కగా నాటినా నేల కిందికి పోతుంటే ఏం లాభం?

కొత్తరెక్కలూ, నీ బృందాన్ని ఆపమనడం లేదు. ఏ చోట, ఏ కాలవ, నేల ఎవరిది, మూడేళ్ల తర్వాత ఎవరు చూస్తారు: ఈ ప్రశ్నలకి జవాబు తెలిశాకే పార పట్టు.

కొత్తరెక్కలు

చాలా థాంక్స్ అండీ. మూడేళ్ల తర్వాత ఎవరు చూస్తారన్న ప్రశ్న మా మీటింగులో ఎవరూ అడగలేదు. రేపు అడుగుతాను.

రాతిగట్టు

చిత్తడినేల గారు నేల కుంగడం గురించి చెప్పారు కాబట్టి అక్కడి నుంచి అందుకుంటాను. నేను సివిల్ ఇంజనీరుని.

సముద్రమట్టం పెరుగుదలని ప్రపంచ సగటుతోనే చూస్తుంటాం. 1901 నుంచి 2018 దాకా దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 మధ్య ఏటా సుమారు 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ నివేదిక చెబుతోంది. వేగం పెరుగుతోందన్నది కలవరపెట్టే మాటే. కానీ చాలా డెల్టాల్లో నేల ఇంతకంటే వేగంగా కిందికి దిగుతోంది. నదులు తెచ్చే ఒండ్రుతోనే డెల్టా పుట్టింది, ఒండ్రుతోనే నిలబడుతుంది. ఎగువన ఆనకట్టలు ఒండ్రుని ఆపేస్తాయి, మధ్యలో ఇసుక తవ్వేస్తారు, దిగువన బోర్లు నీరు తోడేస్తాయి. అస్వాన్ ఆనకట్ట తర్వాత నైలు డెల్టా అంచు కోతకి గురైంది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో ఇసుక తవ్వకం ఇప్పుడు అదే పని చేస్తోంది. ఆ అంచున ఉండే పేదవాడు ఈ మూడింటిలో ఏదీ చేయలేదు.

ఇక గోడల సంగతి. ఇళ్లు కోతకి గురవుతుంటే జనం అడిగేది రాతిగట్టే. వాళ్లని తప్పుపట్టను, కళ్లముందు గుడిసె పోతుంటే నేనైనా అదే అడుగుతాను. కానీ అలలు ఏటవాలుగా వచ్చి ఇసుకని ఒడ్డు వెంబడి మోసుకెళ్తుంటాయి. ఒకచోట అడ్డం కడితే ఇసుక ఒక వైపు పేరుకుంటుంది, రెండోవైపు తీరం ఆకలితో కోసుకుపోతుంది. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బరు గోడలు కట్టాక నగరం ముందున్న బీచి పోయింది. దాన్ని కాపాడటానికి వేసిన రాళ్లు కోతని ఉత్తరాన ఉన్న మత్స్యకార గ్రామాలకి పంపాయి. ఒక ఊరికి గోడ అంటే చాలాసార్లు పక్క ఊరికి కోత. పైగా రాళ్లు పోస్తే పడవలు దించుకునే ఒడ్డు ఉండదు, వలలు ఆరేసుకునే చోటు ఉండదు.

కాబట్టి చిన్న బృందాలు గోడల జోలికి వెళ్లకండి. ఉన్న ఇసుక దిబ్బల్ని ఎవరూ చదును చేయకుండా చూడటం, వాటిమీద పాకే తీగల్ని కాపాడటం ఎంతో మేలు. దిబ్బ ఒక్కసారి పోతే మళ్లీ కట్టలేం.

తొలిపొద్దు

ఇవన్నీ వింటుంటే నాకొక్కటే అనిపిస్తోంది. ఇంత ప్రమాదం ఉన్నప్పుడు వాళ్లని అక్కడి నుంచి వెనక్కి తరలించి మంచి ఇళ్లు కట్టివ్వడమే శాశ్వత పరిష్కారం కదా? ఎన్నిసార్లు కాపాడతాం?

పడవనీడ

ఎంత వెనక్కి? సముద్రం ఎలా ఉందో ఒడ్డున నిలబడి చూస్తేనే వేటకెళ్లాలో లేదో తెలుస్తుంది. అర్ధరాత్రి గాలి మారితే పరుగెత్తి పడవ లాగాలి. పది కిలోమీటర్ల అవతల పక్కా ఇల్లిస్తే ఆ ఇంటికి తాళం వేసి మళ్లీ ఒడ్డున గుడిసె వేసుకుంటారు.

పునాది

తొలిపొద్దు గారి ప్రశ్న న్యాయమైనదే, పడవనీడ గారి జవాబు కూడా. పునరావాసం మీద నేను కొంత పనిచేశాను. బాగా జరిగినవీ ఉన్నాయి, మనసు విరిగేలా జరిగినవీ ఉన్నాయి.

2013లో హైయాన్ తుఫాను ఫిలిప్పీన్స్‌లో 6,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత తీరం నుంచి 40 మీటర్ల దాకా ఇళ్లు కట్టకూడదన్నారు. టాక్లోబాన్ నగరానికి ఉత్తరాన కొత్త కాలనీలు కట్టారు. ఇళ్లు గట్టివే. కానీ నీళ్ల కొరత, పనికి రోజూ దూర ప్రయాణం. చాలామంది ఒడ్డుకీ కాలనీకీ మధ్య తిరుగుతూ బతికారు. సునామీ తర్వాత శ్రీలంకలో 100, 200 మీటర్ల నిషేధిత పట్టీ పెట్టారు. మత్స్యకారుల ఇళ్లకు అడ్డొచ్చిన ఆ నిబంధన హోటళ్లకు అంతగా అడ్డురాలేదని అక్కడి జనం ఎంతో బాధపడ్డారు, ఆ పట్టీని తర్వాత తగ్గించారు. తమిళనాడులో 200 మీటర్ల లోపు ఉన్నవాళ్లకి, వెనక్కి వెళ్తే ప్రభుత్వ ఇల్లు, ఉండిపోతే సొంత ఖర్చు అన్నారు. వెళ్లేవాళ్లు పాత స్థలం ప్రభుత్వానికి ఒప్పజెప్పాలి.

ఇక్కడే అసలు భయం. తీరం అంటే ఇప్పుడు రిసార్టులకీ రేవులకీ బంగారం. "మీ క్షేమం కోసమే" అని మత్స్యకారుణ్ని కదిపాక ఆ ఖాళీ నేల ఎవరి చేతికి పోతుంది? ఆ ప్రశ్నకి రాతపూర్వకమైన జవాబు లేకుండా జరిగే పునరావాసం, ఇళ్లు ఎంత బాగున్నా, నాకు ఒప్పుదల కాదు. పాత ఒడ్డు మీద పడవలు పెట్టుకునే హక్కు, వలలు ఆరేసే హక్కు, చేపలు ఎండబెట్టే హక్కు ఆ ఊరి పేరునే ఉమ్మడిగా ఉండాలి. పట్టా భార్యాభర్తలిద్దరి పేరున ఉండాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2014లో చిన్న మత్స్యకారుల కోసం తెచ్చిన మార్గదర్శకాలు భూమి హక్కుల్నీ విపత్తుల్నీ కలిపే చూస్తాయి, అలాగే చూడాలి.

జనమే అడిగి వెళ్లినచోట సంగతి వేరు. ఫిజీలో వునిదొగొలోవా గ్రామం 2014లో కొంచెం మెరకకి మారింది, తమ సొంత నేలలోనే, అందరూ కలిసి. పనామాలో గర్దీ సుగ్దుబ్ అనే చిన్న దీవి నుంచి గునా జాతివాళ్లు దాదాపు 300 కుటుంబాలు 2024లో ప్రధాన భూభాగానికి వచ్చాయి. అది వాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించుకున్నది. కొందరు పెద్దలు దీవిలోనే ఉండిపోయారు, వాళ్లని ఎవరూ బలవంతపెట్టలేదు.

తొలిపొద్దు

పాత నేల ఎవరికి పోతుందన్నది నేను ఆలోచించని కోణం. వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు పునాది గారూ.

చెలమ

ఇంతసేపూ ఎవరూ తాగునీటి మాట ఎత్తలేదు. నేను నర్సుని, అందుకే నాకు అదే ముందు కనిపిస్తుంది.

ఉప్పెన ఒక్కరోజులో వెనక్కి వెళ్తుంది, ఉప్పు వెళ్లదు. బావిలో, చెరువులో, పొలంలో ఉండిపోతుంది. 2009లో ఐలా తుఫాను కట్టలు తెంచాక బంగ్లాదేశ్ నైరుతి తీరంలో కొన్ని ఊళ్లు రెండేళ్ల దాకా ఆటుపోటుల మధ్యే ఉన్నాయి. అదే ప్రాంతంలోని డాకోప్‌లో గర్భిణుల మీద జరిగిన అధ్యయనాల్లో, ఉప్పు ఎక్కువున్న నీళ్లు తాగేవాళ్లలో రక్తపోటు, గుర్రపువాతం (రక్తపోటు పెరిగి మూర్ఛల దాకా వెళ్లే గర్భిణుల జబ్బు) ముప్పు ఎక్కువని తేలింది. ఆ ముప్పు వర్షాకాలంలో తగ్గుతుంది, ఎండాకాలంలో పెరుగుతుంది, ఎందుకంటే వానలు ఆగాక మిగిలేది ఉప్పునీరే. ఏ తుఫాను మృతుల జాబితాలోనూ ఈ తల్లులు ఉండరు.

వాననీరు నిల్వ చేసే తొట్లు, ఉప్పునీరు లోపలికి రాకుండా ఎత్తుగా గట్టు కట్టిన ఊరుమ్మడి చెరువు, దానికి ఇసుక ఫిల్టరు: ఇవి చిన్న బృందం చేయగల పనులే. తొట్టె మూత సరిగా ఉండాలి, లేకపోతే దోమలు. మొదటి వాన కడుగునీరు బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. ఏటా ఎవరు శుభ్రం చేస్తారో ముందే తేల్చుకోవాలి.

ఇంకొకటి, ఆడవాళ్లు. 1991 తుఫానులో మగవాళ్లకంటే ఆడవాళ్లు చాలా ఎక్కువగా చనిపోయారు. పిల్లల్ని వదిలి కదల్లేక కొందరు, భర్త వచ్చి చెప్పేదాకా ఆగి కొందరు, మగవాళ్లతో కిక్కిరిసిన షెల్టర్‌కి వెళ్లడానికి జంకి మరికొందరు. వేరే మరుగుదొడ్డి, లోపల గడియ, దీపం, పాలిచ్చే తల్లికి ఒక మూల: ఇవి లేని షెల్టర్ సగం ఊరికే షెల్టర్. కట్టేటప్పుడు కాదు, వాడేటప్పుడు వెళ్లి చూడండి. చాలాచోట్ల భవనం ఉంటుంది, మరుగుదొడ్డికి నీళ్లుండవు, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియదు. పశువులకీ చోటు కావాలి. ఒక్కగానొక్క మేకని వదిలి రమ్మంటే పేదరాలు రాదు.

లెక్కలబడి

చెలమ గారూ, నర్సుగా మీరు చూసింది రాసినందుకు ధన్యవాదాలు. బీమా గురించి ఉప్పుగాలి గారు అడిగారు, ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను చెబుతాను.

ఇప్పుడు సూచీ ఆధారిత బీమా అని ఒకటి నడుస్తోంది. నష్టాన్ని ఇల్లిల్లూ కొలవరు. గాలి వేగమో వర్షపాతమో ముందే ఒప్పుకున్న గీత దాటితే డబ్బు వస్తుంది. కరీబియన్ దేశాలు కలిసి 2007లో ఇలాంటి నిధి పెట్టుకున్నాయి, 2019లో గ్రెనడా, సెయింట్ లూసియా మత్స్యకారుల కోసం కూడా ఒక పథకం తెచ్చాయి. డబ్బు త్వరగా రావడం దీని గొప్పతనం. ఇల్లు కూలినా గాలి ఆ గీత దాటలేదంటే ఏమీ రాకపోవడం దీని లోపం. పైగా ప్రీమియం పేదవాడే కట్టాలంటే, తప్పు ఇంకెవరిదో అయినా భారం వాడి నెత్తిన వేసినట్టే.

నాకు ఎక్కువ నచ్చింది ముందస్తు నగదు. తుఫాను దారి ఖాయమనిపించగానే, తాకకముందే, కుటుంబం చేతికి కొంత డబ్బు. బంగ్లాదేశ్‌లో 2020 వరదలప్పుడు, అవి నదీ వరదలే అనుకోండి, ఐక్యరాజ్యసమితి సంస్థలు నీరు పొంగకముందే ఫోన్ల ద్వారా నగదు పంపాయి. ఆ డబ్బుతో సామాను తరలించుకోవచ్చు, మందులు కొనుక్కోవచ్చు, తుఫాను మర్నాడు వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కకుండా ఉండొచ్చు.

పడవనీడ

అది నిజంగా పనికొచ్చేది. ఆ డబ్బు కళాసీకీ, చేపలమ్మే ఆవిడకీ కూడా అందాలి. జాబితా ఊళ్లో నలుగురూ కూర్చుని ముందే రాసుకోవాలి, తుఫాను రోజున రాస్తే గట్టిగా అరిచేవాళ్ల పేర్లే ఉంటాయి.

నడిసముద్రంలో ఉన్నవాళ్లని కూడా మర్చిపోకండి. 2017 నవంబరు చివర్లో ఓఖీ వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు పడవలు అప్పటికే లోతు నీళ్లలో ఉన్నాయి. అక్కడికి సెల్ సిగ్నల్ అందదు. వందల మంది తిరిగి రాలేదు. ఆ తర్వాతే ఉపగ్రహం ద్వారా సందేశాలు అందుకునే నావిక్ పరికరాలు పడవలకి ఇవ్వడం మొదలైంది. 2027 నాటికి భూమ్మీద ప్రతి ఒక్కరికీ హెచ్చరిక అందాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. ఆ ప్రతి ఒక్కరిలో వారాల తరబడి నీళ్ల మీదుండే మనిషి కూడా ఉండాలి.

మాటలో మాట, దయచేసి పడవలు మాత్రం పంచకండి. సునామీ తర్వాత చాలా తీరాల్లో సంస్థలు పోటీపడి ఫైబర్ పడవలు పంచాయి. ఎక్కడానికి మనుషులు చాలలేదు, పట్టడానికి చేపలు చాలలేదు. వేట తెలియనివాళ్లకి కూడా పడవ వచ్చింది, బుట్ట పోగొట్టుకున్న ఆడవాళ్లకి ఏమీ రాలేదు.

తొలిపొద్దు

ఇంకో మాట అడగాలి. మనం చందాలేసి ఇస్తున్నది దానమేనా? సముద్రమట్టాన్ని పెంచుతున్న ఈ భూమి వేడిని పుట్టించింది ఆ కుటుంబాలు కాదు. 2022లో ఈజిప్టులో జరిగిన వాతావరణ సదస్సులో నష్టపరిహార నిధికి దేశాలు ఒప్పుకున్నాయి, మరుసటి ఏడాది దుబాయిలో అది రూపం దాల్చింది, మొదట్లో వచ్చిన హామీలు దాదాపు 70 కోట్ల డాలర్లు. ఒక్క పెద్ద తుఫాను చేసే నష్టం ముందు అది ఏ మూలకి? అందులోనైనా ఎంత ఒడ్డు దాకా చేరుతుంది?

పునాది

అవును, అది వాళ్లకి రావాల్సిన బాకీ. నిధి పేరు ఏదైనా, ఊరిదాకా చేరాలంటే ఊరి దగ్గర ఒక సంఘం, దానికొక ఖాతా, ఎవరికి ఎంత నష్టం జరిగిందో రాసిన పుస్తకం ఉండాలి. ఏ ఇల్లు ఎంత కోతకి గురైంది, ఏ బావి ఎప్పుడు ఉప్పెక్కింది, ఎన్ని రోజులు వేట ఆగింది అని తేదీలతో, ఫొటోలతో రాసుకునే ఊళ్లు చాలా తక్కువ. పరిహారం అడగడానికి నోరుంటే చాలదు, కాగితం కావాలి. ఉప్పుగాలి గారూ, చదువుకున్న ఒక యువతికో యువకుడికో ఆ పని అప్పగించి నెలకింత జీతం ఇస్తే, మీ సొమ్ముకి అంతకంటే మంచి ఖర్చు నాకు తోచడం లేదు.

ఉప్పుగాలి

అందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, మనసారా కృతజ్ఞతలు. మా మిత్రులతో మాట్లాడాను. ఒకే తీరగ్రామాన్ని ఎంచుకుని కనీసం ఐదేళ్లు దాన్నే పట్టుకుని ఉండాలని నిర్ణయించాం. మొదటి ఏడాది ఇంజన్లు, వలలు దాచే గది, ఒక వాననీటి తొట్టె. దాంతోపాటు ఊరి సంఘం చేతిలో చిన్న నిధి: తుఫాను హెచ్చరిక రాగానే ముందే రాసుకున్న జాబితా ప్రకారం పంచడానికి. పునాది గారు చెప్పిన పుస్తకం రాసే పని కూడా మొదలుపెడతాం. మొక్కలూ గోడలూ మా చేతిలో పెట్టుకోం, చిత్తడినేల గారి లాంటివాళ్లు ఒప్పుకుంటే వాళ్ల వెనక నడుస్తాం.

ఊరిపెద్దలతో మొదటి సమావేశానికి తేదీ చూస్తున్నాం.

పడవనీడ

తేదీ కంటే వేళ చూసుకోండి. పొద్దున్నే పెడితే మగవాళ్లు వేటలో ఉంటారు, ఆడవాళ్లు చేపలతో బయల్దేరి ఉంటారు, మిగిలేది పెద్దమనుషులే. సాయంత్రం ఆడవాళ్లు అమ్మకాలు ముగించుకుని వచ్చాక పెట్టండి. పెద్దలతో కాదు, ఊరితో పెట్టండి. జాబితా కూడా అక్కడే, అందరి ముందూ చదవాలి.

చెలమ

ఆ రోజు నేనూ వస్తాను. సమావేశం షెల్టర్‌లోనే పెట్టమని అడగండి. తాళం తీయించి, మరుగుదొడ్లలో నీళ్లొస్తున్నాయో లేదో, లోపల గడియ ఉందో లేదో ఆడవాళ్లతో కలిసి చూసి వద్దాం. ప్లంబరు ఎవరైనా తెలిస్తే వెంట తీసుకురండి.